పాత చిన్నకార్లకు ఈ10 పెట్రోలు దొరకనివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ పత్రికలో పాత చిన్నకార్ల మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. జీఎస్టీ తగ్గింది కాబట్టి పదిహేనేళ్ళు దాటిన కారును తుక్కు కింద ఇచ్చేసి కొత్తది కొనుక్కోవడమే లాభమనీ, పాత ఇంజను మీద పెట్టే ఖర్చు బూడిదలో పోసిన పన్నీరనీ అందులో రాశారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. ప్రభుత్వ ఐటీఐలో 31 ఏళ్ళు మోటారు మెకానిక్ ట్రేడు చెప్పి 2017లో పదవీ విరమణ చేశాను. 2007 జూన్‌లో కొన్న 796 సీసీ ఆల్టోను ఈనాటికీ నడుపుతున్నాను. 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంతవరకు ఇంజను పైభాగమైన హెడ్డు విప్పలేదు, సిలిండర్ గోడలు అరిగి బోరు పని చేయించవలసిన అవసరమూ రాలేదు.

వయసు మీరిన చిన్న ఇంజనును కాపాడుకోవడానికి కావలసినవన్నీ మన చేతుల్లోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బంకులో మనకు పోసే పెట్రోలు. ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ (పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన ఈ20; పాత కార్లకు నేను అడిగేది 10 శాతమే కలిపిన ఈ10. ఈ ఉత్తరం దాని కోసమే. అయితే మిగిలిన సంగతులు చెప్పకుండా నేరుగా పెట్రోలు దగ్గరికి వస్తే, నాది పాత కారు మీద మమకారం మాత్రమే అనుకుంటారు. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను. అచ్చుకు ఎక్కువైతే మధ్యలో ఎక్కడైనా తగ్గించండి, చివరి భాగం మాత్రం ఉంచమని మనవి.

ముందుగా ఈ కార్లు ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. మా తెనాలిలో నాకు తెలిసిన పాత చిన్నకార్ల యజమానులు ఒక ఫోటో స్టూడియో ఆయన, ఒక హోమియో డాక్టరు, ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయినులు, ఊరూరా తిరిగి బట్టలమ్మే ఒక కుటుంబం. నెలకు ఐదారు వందల కిలోమీటర్లకు మించి తిరగరు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిన మాట నిజమే. సంతోషించాను కూడా. కానీ అన్నిటికంటే చవకైన కారు కూడా మూడున్నర లక్షల దగ్గర మొదలై, పన్నూ బీమా కట్టి ఇంటికి తెచ్చుకునేసరికి నాలుగు దాటుతుంది. ఎనభై వేలకు పాత కారు కొని మోకాళ్ళ నొప్పుల భార్యను గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళే మనిషికి ఆ నాలుగు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకో అపోహ కూడా ఉంది. పదిహేనేళ్ళు దాటితే కారు నడపకూడదని చాలామంది అనుకుంటున్నారు. ఆ ఆంక్ష ఢిల్లీ పరిసరాలది. మన రాష్ట్రంలో బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా వర్క్‌షాపులో రెండే కార్ల ఇంజన్లు ఉండేవి. ఒకటి 1489 సీసీ అంబాసిడర్, రెండోది 1089 సీసీ పద్మిని. నాలుగు సిలిండర్లు లేనిదాన్ని కారు అనడానికి పిల్లలకూ మాకూ కూడా మనసొప్పేది కాదు. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులోనే అయినా, దాని మూడు సిలిండర్ల ఇంజను మా బల్ల మీదికి చేరడానికి మరో పదేళ్ళు పట్టింది. అంబాసిడర్ ఇంజనును కదపాలంటే చైను పుల్లీ కట్టేవాళ్ళం. దీన్ని నలుగురు కుర్రాళ్ళు చేతులతో ఎత్తి పెట్టారు. 650 కిలోల బండికి 796 సీసీ చాలునని ఆ రోజు నాకు అర్థమైంది. ఇంజను బలాన్ని అది లాగే బరువుతో కలిపి చూడాలని ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ మొదటి పాఠంగా చెప్పాను.

ఆ ఇంజన్లు పాడవడానికి మా ప్రాంతంలో నేను చూసిన పెద్ద కారణం బోరు నీళ్ళు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే ఏ హోటల్ దగ్గరో ఆపి పంపు నీళ్ళు పోస్తారు. ఆ నీటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో, ఇంజను లోపలి దారుల్లో పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఇంజను వేడెక్కడం మొదలవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకువెళితే అతను చేసే మొదటి పని థర్మోస్టాట్ తీసి పారేయడం. ఇది తరతరాలుగా వస్తున్న అలవాటు. మా శిష్యుల్లో కూడా ఎంతోమందికి ఇది మాన్పించలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

థర్మోస్టాట్ అంటే రేడియేటర్‌కు వెళ్ళే దారిలో కూర్చున్న చిన్న తలుపు. ఇంజను ఎనభై డిగ్రీల వేడికి చేరేదాకా అది నీటిని బయటికి పోనివ్వదు. దాన్ని తీసేస్తే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు. పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు కార్బురేటర్ రోజుల్లో దీని నష్టం కొంతే. కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కార్లలో అలా కాదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతుంది, అది నమ్మి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ ఎక్కువ పెట్రోలు బోరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది, పిస్టన్ రింగులు అరిగిపోతాయి. యజమానికి కనిపించేది మాత్రం మైలేజీ పడిపోవడం ఒక్కటే. పైన చెప్పిన స్టూడియో ఆయన కారు లీటరుకు 11 కిలోమీటర్లకు దిగజారింది. ముగ్గురు మెకానిక్‌లు ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, ఫిల్టర్లు మార్చారు. తొమ్మిది వేల రూపాయల దాకా ఖర్చయింది. నేను వెళ్ళి థర్మోస్టాట్ ఉండవలసిన గూడు విప్పి చూశాను. ఖాళీగా ఉంది. కొత్తది పెట్టించి, రేడియేటర్ శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించాను. మొత్తం 1,900 రూపాయలు. రెండు వారాల తర్వాత 16 ఇస్తోందని ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. అదే అలక్ష్యం ఇంకో ఆర్నెల్లు సాగితే, సున్నం పేరుకున్న రేడియేటర్ వల్ల ఇంజను వేడెక్కి హెడ్డు కింది గాస్కెట్ పోయేది, అల్యూమినియం హెడ్డు వంగేది. అప్పుడు మీ వ్యాసకర్త చెప్పినట్టు అది తుక్కు బండే అయ్యేది.

ఆయిల్ సంగతీ ఇంతే. ఈ ఇంజన్లలో మూడు లీటర్ల ఆయిల్ కూడా పట్టదు. ఉన్నది కొంచెం కాబట్టి అది త్వరగా మురికవుతుంది. మనవాళ్ళు పది వేల కిలోమీటర్లు కాలేదు కదా అని రెండేళ్ళు అదే ఆయిల్‌తో నడుపుతారు. తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు, ఏడాదికొకసారి మార్చి తీరాలి. మారుతి 998 సీసీ కే10 ఇంజను 2010లో ఆల్టోలోకి వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. మునుపటి 796 సీసీకి, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు ఉండేది. కాలం చెల్లగానే మార్చుకోవాలి. కే10లో చైను. బెల్టులా మార్చే పని లేదని యజమానులు నిశ్చింతగా ఉన్నారు. కానీ ఆ చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. ఆ ఇంజనుకు 5డబ్ల్యూ-30 లాంటి పలచని ఆయిల్ కావాలి. అలవాటుకొద్దీ పాత రకం చిక్కటి 20డబ్ల్యూ-40 పోస్తే, పొద్దున స్టార్ట్ చేయగానే చైను గలగలమంటుంది. ఆ చప్పుడు విని ఇంజను పోయిందని అమ్మేసిన వాళ్ళను నేనెరుగుదును.

ఇంజను అంత తేలిగ్గా చావదనడానికి బుడమేరు వరదకు మించిన సాక్ష్యం నాకు వద్దు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడి కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆటోనగర్‌లో షెడ్డు నడిపే నా శిష్యుడు ఫోను చేసి, ‘మాస్టారూ, మీరు రావాలి, ఒక్కడివల్ల కావడం లేదు’ అన్నాడు. వారం రోజులు అక్కడే ఉన్నాను. వాడి షెడ్డుకు పద్నాలుగు చిన్నకార్లు వచ్చాయి. ఒక్కో కారు తలుపు తీస్తే బురద వాసన, సీట్ల కింద చచ్చిన చేపలు. ప్రతి యజమానినీ మేము మొదట అడిగింది ఒకటే ప్రశ్న, నీళ్ళు తీశాక తాళం తిప్పారా అని. తొమ్మిది మంది తిప్పలేదు. ఆ తొమ్మిదింటికీ ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్లలో చేరిన నీటిని ఇంజనును చేత్తో తిప్పి బయటికి నెట్టి, కాస్త ఆయిల్ వేసి నానబెట్టి, ఇంజను ఆయిల్ మూడు దఫాలు మార్చాం. గేరు ఆయిల్ మార్చాం. పెట్రోలు ట్యాంకు దింపి కడిగాం. వైరింగ్ సాకెట్లన్నీ విప్పి ఆరబెట్టాం. తొమ్మిది ఇంజన్లూ నడిచాయి. తిప్పిన ఐదింటిలో నాలుగింటికి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. నీరు గాలిలాగా నొక్కుకుపోదు, పిస్టన్ పైకొస్తే రాడ్డే వంగాలి. నీట మునిగిన కారు తాళం తిప్పవద్దు అనే ఒక్క వాక్యాన్ని ఆ రోజుల్లో పత్రికలన్నీ మొదటి పేజీలో వేసి ఉంటే ఎన్ని కుటుంబాల కార్లు మిగిలేవో!

మెకానిక్‌లను, యజమానులను తప్పుపట్టాను కాబట్టి కంపెనీల వైపు తప్పు కూడా చెప్పాలి. మా వీధిలో ఒక ఉపాధ్యాయిని కారు (కంపెనీ పేరు రాయను) సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, ఇంజను లైటు వెలుగుతోంది. సర్వీసు కేంద్రంవాళ్ళు థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి వెళ్ళే గాలిని అదుపు చేసే భాగం) మొత్తం మార్చాలని 18,600 రూపాయలకు కాగితం రాసిచ్చారు. ఆమె ఆ కాగితం పట్టుకుని, కారు అమ్మేయమంటారా అని నన్ను అడిగింది. శిష్యుడి చేత దాన్ని విప్పించి చూస్తే, గాలి వెళ్ళే రేకు చుట్టూ మసి పేరుకుని ఉంది. ఒక క్లీనర్ స్ప్రే డబ్బాతో కడిగి, స్కానర్ పెట్టి ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజను వేగం) మళ్ళీ సరిచేశాడు. కూలితో కలిపి 700 రూపాయలు. ఆ కారు ఏడాదిన్నరగా ఆగలేదు. లోపలి చిన్న భాగం పోతే పూర్తి అసెంబ్లీ మార్చమనడం ఈనాటి పెద్ద జబ్బు. బుష్ అరిగితే లోయర్ ఆర్మ్ మొత్తం, బ్రష్‌లు అరిగితే స్టీరింగ్ మోటారు మొత్తం. కొన్నిచోట్ల చిన్న భాగానికి అసలు పార్టు నంబరే ఉండదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. దాని గురించి మీ పత్రిక ఒక పూర్తి పేజీ వేస్తే ఎందరికో మేలు.

కొత్తగా కొనేవాళ్ళు నన్ను ఏ ఇంజను మంచిదని అడుగుతుంటారు. రెండు మాటల్లో చెబుతాను. ఊళ్ళో తిరగడానికి, ఇద్దరు ముగ్గురు ఎక్కడానికి ఒక లీటరు (1000 సీసీ) ఇంజను చాలు. ఐదుగురితో, ఏసీ వేసుకుని తరచూ హైదరాబాద్ వెళ్ళేవారికి 1200 సీసీ మేలు. గేర్లు మార్చే శ్రమ లేని ఏఎంటీ చవకైన ఆటోమేటిక్, పెద్దవాళ్ళకు హాయి. అయితే లోపల ఉండేది మామూలు క్లచ్చే. సింహాచలం ఘాట్ రోడ్డులో వరుసగా ఆగిన కార్ల మధ్య బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెడితే క్లచ్ ప్లేటు మాడిపోతుంది. సీఎన్‌జీ కావాలంటే కంపెనీ నుంచి వచ్చినదే తీసుకోండి. దానికి గట్టి వాల్వు సీట్లు వేస్తారు. డిక్కీ పోతుంది, బలం కూడా తగ్గుతుంది. కే10 ఇంజను పెట్రోలు మీద 67 హార్స్‌పవర్ ఇస్తే గ్యాస్ మీద 57. మూడేళ్ళకొకసారి సిలిండర్‌కు హైడ్రో పరీక్ష మరవకూడదు. ఇంకొక మాట. ఎంత మంచి ఇంజనైనా, ఎక్కువమంది వాడనిది కొనవద్దు. 2015లో ఒక చిన్నకారుకు 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను వచ్చి రెండేళ్ళకే ఆగిపోయింది. అది కొన్నవాళ్ళకు ఇప్పుడు విడిభాగాల వేట తప్పడం లేదు.

పాత ఆల్టోలో కే10 ఇంజను పెట్టవచ్చా అని కుర్రాళ్ళు అడుగుతారు. బెజవాడ ఆటోనగర్‌లో యాక్సిడెంట్ బండి ఇంజను గేర్‌బాక్సుతో సహా దొరుకుతుంది, పట్టించేవాళ్ళూ ఉన్నారు. నా జవాబు మాత్రం వద్దనే. 46 హార్స్‌పవర్ కోసం వేసిన బ్రేకులు, పన్నెండు అంగుళాల టైర్లు, సస్పెన్షన్ 67 హార్స్‌పవర్‌ను ఆపలేవు. కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా చేతికి రాకపోవచ్చు. అదే డబ్బుతో మంచి టైర్లు, కొత్త బ్రేకు లైనింగులు, కొత్త ఇంజను మౌంటింగులు వేయించుకోండి. మూడు సిలిండర్ల ఇంజను పుట్టుకతోనే వణుకుతుంది, ఆ వణుకును మింగేది మౌంటింగ్ రబ్బర్లే. అవి మార్చిన రోజు బండి కొత్తదైనట్టు అనిపిస్తుంది.

ఇక పెట్రోలు. ఇంతవరకు చెప్పిన ప్రతి జబ్బుకూ మన దగ్గర మందు ఉంది. దీనికి లేదు.

కారు కొన్నప్పటి నుంచి ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. 2019 దాకా సగటున లీటరుకు 17.5 కిలోమీటర్లు వచ్చేది. ఈ ఏడాది 16.3. టైర్లలో గాలి, ప్లగ్గులు, బ్రేకుల పట్టు అన్నీ చూశాను. మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగా ఉంది. తగ్గినది దాదాపు 7 శాతం. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే రెండున్నర లీటర్లు అదనం, అంటే సుమారు 270 రూపాయలు. బండి వయసు వల్ల తగ్గింది ఇందులో కొంత ఉండవచ్చు. కానీ నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన ఇథనాల్ నివేదికలోనే ఈ సంగతి ఉంది. అసలు ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, ఈ10కు సరిచేసిన నాలుగు చక్రాల వాహనాలకు ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అందులో రాశారు. నా నోటుపుస్తకం అదే అంకె చెబుతోంది.

కారణం సులభమే. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్ళు చాలు. ఈ రెంటినీ కలిపినప్పుడు నా ఆల్టోలాంటి ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సర్ కొంతవరకు సర్దుకుంటుంది. 2000 సంవత్సరానికి ముందటి కార్బురేటర్ బండికి ఆ సెన్సర్ లేదు, కార్బురేటర్‌లోని జెట్టుకు ఎంత రంధ్రం ఉంటే అంతే పెట్రోలు వెళుతుంది. మిశ్రమం పలచబడి బండి తడబడుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. అలాంటి 800లు మా చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నాయి.

మైలేజీ కన్నా నాకు ఎక్కువ భయం రబ్బరు గురించి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఈ20ని తట్టుకునే గొట్టాలు, సీళ్ళు వేస్తున్నారు. అంతకు ముందటి కార్లలో అవన్నీ వేరే కాలపు రబ్బరు. మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ కారెక్కబోతూ పెట్రోలు వాసన వస్తోందని ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను దగ్గరి ఇంధన గొట్టం పైకి చెమర్చినట్టు తడిగా ఉంది. వేళ్ళతో వంచితే నెర్రెలు విచ్చింది. పద్దెనిమిదేళ్ళ గొట్టం ఏ పెట్రోలుతోనైనా గట్టిపడుతుంది, ఇథనాల్ ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఆ కింద వేడి సైలెన్సర్ గొట్టం ఉంది. ఆమె ఆ వాసన పట్టుకోకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం వేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం కోసం తెనాలి అంతా తిరిగాను, దొరకలేదు. బెజవాడ వెళ్ళి, నాలుగో దుకాణంలో పట్టుకున్నాను. పాత కార్లున్న పాఠకులందరికీ చెబుతున్నాను, పెట్రోలు వాసన వచ్చిన రోజున కారు తీయకండి, ముందు చూపించుకోండి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. మా వీధిలో ఒక పెద్దాయన అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి, వానాకాలం వెళ్ళాక వచ్చారు. కారు స్టార్ట్ కాలేదు. ట్యాంకు దింపితే అడుగున తుప్పు రంగు మడ్డి, పంపు బిగుసుకుపోయి ఉంది. ఆయన బయలుదేరేటప్పుడు ట్యాంకు పావువంతు మాత్రమే ఉందట. కదలని ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే తేమ అంత చేరుతుంది. ఊరెళ్ళేవాళ్ళు ట్యాంకు నిండుగా ఉంచి, పదిరోజులకొకసారి ఎవరిచేతనైనా కారు కాస్త దూరం నడిపించండి.

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. మాది రైతు కుటుంబం. మా తెనాలి చుట్టూ వరి కోసిన మాగాణుల్లో దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు. ఆ గింజకు ఇథనాల్ వల్ల గిరాకీ పెరిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. ముడిచమురు కోసం దేశం నుంచి పోయే డబ్బు తగ్గాలన్నా అభ్యంతరం లేదు. ఈ20కి తయారైన కార్లు ఈ20నే తాగనివ్వండి. నేను అడిగేది పాత వాటికి పాత పెట్రోలు. ఇది నా సొంత ఊహ కూడా కాదు. పాత వాహనాల రక్షణ కోసం ఈ10ను దేశమంతటా అందుబాటులో ఉంచాలని ఆ నీతి ఆయోగ్ నివేదికలోనే సూచించారు. నివేదికలోని మొదటి సగం అమలైంది, ఈ రెండో సగం ఆగిపోయింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మేలా ఆదేశించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. ఆ తీర్పును గౌరవిస్తాను. కోర్టు ఆదేశించకపోయినా ప్రభుత్వం తనంతట తాను చేయడానికి అడ్డేమీ లేదు కదా.

ప్రతి బంకులోనూ కుదరదంటే, మునిసిపాలిటీకి ఒకటి, మండలానికి ఒకటి చొప్పున చాలు. నెలకు ముప్పై నలభై లీటర్లు వాడేవాళ్ళం, ఐదు కిలోమీటర్లు వెళ్ళి పోయించుకుంటాం. లీటరుకు రూపాయో రెండు రూపాయలో ఎక్కువైనా ఇస్తాం. అది ఏర్పాటయ్యే లోపల, ప్రతి పంపు మీద ఇందులో ఇథనాల్ ఎంత శాతం అని తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయించండి. మా ఊరి బంకులో నేను అడిగితే, పోసే కుర్రాడికి అది ఎంతో తెలియదు. వాడి తప్పు కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. కార్ల కంపెనీలు కూడా పాత మోడళ్ళకు ఏ ఏ గొట్టాలు, ఓ-రింగులు, పంపు సీళ్ళు మార్చాలో సంవత్సరాల వారీగా జాబితా ఇచ్చి, అవన్నీ ఒక డబ్బాలో పెట్టి అమ్మితే ఐటీఐ చదివిన ఏ కుర్రాడైనా ఒక పూటలో వేసిస్తాడు. పూట కూలి వాడికి, నిశ్చింత మాకు.

2022 జూన్‌లో నా కారుకు పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళితే ఫీజు 5,000 అన్నారు. ఆ ఏడాది మార్చి నెలాఖరు వరకు అది 600. కట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేస్తూ 2025 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. 2027 జూన్‌లో అదీ కడతాను, డబ్బు ఇప్పటి నుంచే విడిగా పెడుతున్నాను. ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టి, పొగ పరీక్ష, బ్రేకులు, లైట్లు అన్నీ చూపిస్తాను. అవి నెగ్గుతాయన్న నమ్మకం నాకుంది. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో ఏ బంకు దగ్గర ఆగాలో అప్పటికి ఎవరైనా చెప్పగలిగితే బాగుండును.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
తెనాలి